రిపోర్టులమ్మ వస్తే ప్రింటరు చస్తుంది

రిపోర్టులమ్మకు అసహ్యం వెయ్యని వస్తువు లోకంలో రెండో మూడో ఉంటే ఉండొచ్చు. బస్సులో అందరూ పట్టుకునే కమ్మీ అసహ్యం. నాలుక మీద వేలు తడుపుకుని కాగితాలు తిప్పేవాళ్లు అసహ్యం. మాట్లాడుతూ మాట్లాడుతూ చెవిలో వేలు తిప్పుకుని, అదే వేలితో కంప్యూటర్ తెర మీద "ఇదిగో, ఇక్కడ" అని చూపించేవాళ్లు మరీ అసహ్యం. ఆమె చేతిసంచిలో ఎప్పుడూ రెండు గుడ్డముక్కలుంటాయి, ఒకటి తడిది, ఒకటి పొడిది. పనికి కూర్చునే ముందు బల్ల తుడుస్తుంది, కుర్చీ చేతులు తుడుస్తుంది, ల్యాప్‌టాప్ మీటలు తుడుస్తుంది. చూసి నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు. పొద్దస్తమానం రోగాల గురించి రాసే మనిషికి రోగం ఎక్కడెక్కడ అంటుకుని ఉంటుందో తెలియకుండా ఉంటుందా?

ఆమె పని స్కానింగు సెంటర్లలో రిపోర్టులు టైపు చెయ్యడం. డాక్టరు తెర మీద బొమ్మ చూస్తూ నోటితో చెప్పుకుపోతాడు, ఈమె పక్కన కూర్చుని కొట్టుకుపోతుంది. ప్రింటరులోంచి కాగితం వస్తే ఆయన సంతకం పెడతాడు, బయట కాచుకున్నవాళ్ల చేతికి కవరు అందుతుంది. ఆమె చదివింది ఎనిమిదో తరగతి. కూతురు బడికి పోయే వయసు వచ్చాక టైపు నేర్చుకుంది. నోరు తిరగని జబ్బుల పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని, కూర కలుపుతూ వల్లె వేసి, ఆరు నెలల్లో పుస్తకం తెరవక్కర్లేకుండా చేసుకుంది. డిగ్రీలు చదివి వచ్చిన పిల్లలు ఆమెను అడిగి రాసుకునేవారు. చెప్పేది. కాకపోతే, చేతులు కడుక్కుని వచ్చి అడగమనేది.

పొద్దున వంతెన దగ్గర సెంటరులో పని, మధ్యాహ్నం మేడమీద సెంటరులో. మేడమీద డాక్టరుది గొణుగుడు. దవడ కదలదు, మాట పళ్ల వెనకే అరిగిపోతుంది. ఈమెకు ముందు వచ్చిన ముగ్గురు టైపిస్టులు నెల తిరక్కుండానే దండం పెట్టి పారిపోయారు. ఈమె పన్నెండేళ్లుగా ఆ గొణుగుడు రాస్తోంది. ఒకసారి ఆయన చెబుతూ ఉంటే వేళ్లు ఆపి, "డాక్టర్ గారూ, ఇందాక రాయి ఎడమ కిడ్నీలో ఉందన్నారు, ఇప్పుడు కుడి అంటున్నారు. ఏది రాయను?" అంది. ఆయన బొమ్మ మళ్లీ చూసుకుని, "ఎడమే" అన్నాడు. రోగి కుడి పక్క కొయ్యించుకోకుండా బయటపడ్డాడు.

రెండు సెంటర్లకూ, ఇంటికీ కలిపి ల్యాప్‌టాప్ ఒక్కటే. మిగిలిపోయిన రిపోర్టులు సాయంత్రం ఇంట్లో పూర్తి చేసేది. మూడు చోట్లా వైఫైకి మూడు పద్ధతులు. వంతెన దగ్గర వాళ్లకు జాగ్రత్త ఎక్కువ. ప్రతి కంప్యూటరుకూ ఒక నంబరు కేటాయించారు, దాన్ని చేత్తో ఎక్కిస్తేనే అక్కడ నెట్ పలుకుతుంది. మేడమీద ఆ పట్టింపు లేదు, గడి ఖాళీగా వదిలేస్తే ఏదో ఒక నంబరు రూటరే ఇచ్చుకుంటుంది. ఇంట్లోనూ అంతే. అంచేత పొద్దున నంబరు ఎక్కించాలి, మధ్యాహ్నం తీసెయ్యాలి. నోటుపుస్తకం అట్ట మీద వరసగా రాసుకుని, రోజూ చూసి చేసుకునేది. ఐదు నిమిషాల పని. ఏనాడూ పొరపాటు జరగలేదు.

ఆమె ఐదు నిమిషాలు చూసి ఓర్వలేకపోయినవాడు ఆమె మరిది. ఇంట్లో అతన్ని సైంటిస్టు అంటారు. ఎగతాళికి పెట్టిన పేరును అతను బిరుదనుకున్నాడు. సెల్‌ఫోన్ల దుకాణంలో ఫోన్లకు కవర్లు తొడుగుతాడు, తెరలకు అద్దాలు అంటిస్తాడు. పెళ్లాంతో పై వాటాలో ఉంటాడు. సెలవు రోజున పల్లీలు నములుతూ, మెట్ల పొడుగునా పొట్టు రాలుస్తూ కిందికి దిగి వస్తాడు.

"ఇంకా చేత్తోనే మారుస్తున్నావా వదినా? ఏ కాలంలో ఉన్నావు?"

"మారిస్తే నీకేం నొప్పి?"

"దానంతటదే మార్చుకునే ప్రోగ్రాం ఉంది. వైఫై పేరు చూస్తుంది, ఏ చోటికొచ్చామో కనిపెడుతుంది, ఆ చోటు సెట్టింగ్ అదే వేసేసుకుంటుంది. నువ్వు మూత తెరిస్తే చాలు."

"ముందు ఆ చేతులు కడుక్కో."

కడుక్కోలేదు. ప్యాంటుకు తుడుచుకుని కూర్చున్నాడు. ఆమె ఒక చీటీ మీద మూడు చోట్ల వైఫై పేర్లు, ఎదురుగా వాటి పద్ధతులు రాసిచ్చింది. పొయ్యి మీద పాలు పొంగేలా ఉంటే లోపలికి వెళ్లి వచ్చింది. అంతలోనే "అయిపోయింది, ఇక రాణిలా కూర్చో" అని లేచిపోయాడు. మీటల సందుల్లో ఎర్రటి పల్లీ పొట్టు. సూది మొనతో ఒక్కొక్కటే పైకి లాగుతూ ఆమె అతన్ని తిట్టని తిట్టు లేదు.

సోమవారం పొద్దున వంతెన దగ్గర మూత తెరిచీ తెరవగానే నెట్ వచ్చింది. ఆమెకు లోపల్లోపల ముచ్చటేసింది, పైకి ఒప్పుకోలేదంతే. మధ్యాహ్నం మేడమీదా అలాగే వచ్చింది. పది నిమిషాలకు అక్కడి ప్రింటరు ఆగిపోయింది.

దీపాలు వెలుగుతున్నాయి, కాగితం ఉంది, సిరా ఉంది. పంపింది మాత్రం రాదు. రిసెప్షన్ పిల్ల దాని నెత్తి మీద రెండు చరిచింది. మేనేజరు ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. రోగుల తాలూకువాళ్లు గుమ్మంలో గుంపు కట్టారు. సాయంత్రం రిపోర్టులమ్మ ల్యాప్‌టాప్ మూసి మెట్లు దిగిందో లేదో, గుర్రుమంటూ ఇరవై మూడు కాగితాలు ఒక్క ఊపున కక్కింది. మర్నాడూ అదే వరస, మూడో రోజూ అదే. ఆమె వస్తే ఆగుతుంది, వెళితే లేస్తుంది.

రిసెప్షన్ పిల్ల అంటారు గానీ ఆమెకు ముప్పై దాటాయి. నోట్లో బబుల్‌గమ్ లేని క్షణం ఉండదు. నమిలి నమిలి, ఫోను వస్తే తీసి బల్ల కింద అంటించి, మాట్లాడాక మళ్లీ నోట్లో వేసుకుంటుంది. ఆ బల్ల వైపు రిపోర్టులమ్మ చూసేదే కాదు.

"గమనించారా సార్? ఆంటీ రాగానే చస్తోంది, ఆంటీ వెళ్లగానే బతుకుతోంది" అంది ఆ పిల్ల.

మేనేజరు విజిటింగ్ కార్డు మూలతో పళ్లు కుట్టుకుంటున్నవాడల్లా ఆగాడు. "అంటే, ఐరన్ లెగ్ అంటావా?"

"నేనేం అన్లేదు సార్. మీరే అన్నారు."

గుమ్మంలో ఉన్న నలుగురూ నవ్వారు. లోపలి గదిలోంచి డాక్టరు తల పైకెత్తి చూశాడు, మళ్లీ దించుకున్నాడు. రిపోర్టులమ్మ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇనుమో ఇత్తడో నా కాళ్లు నేను మోసుకొస్తున్నాను, మీ మీద పెట్టలేదు. మెకానిక్కును పిలిపించండి" అంది.

మెకానిక్కును పిలవడం తర్వాత సంగతి. ముందు ఆమె కుర్చీ జరిపారు. ప్రింటరు పక్కనున్న కుర్చీని కిటికీ దగ్గరికి జరిపారు. ఆగింది. నడవాలోకి జరిపారు. ఆగింది. మేనేజరు అడుగులు లెక్కపెడుతూ, "ఇంకో నాలుగడుగులు వేద్దామమ్మా, ఏమనుకోకండి" అంటూ వెనకవెనక్కి నడిపిస్తుంటే, ఇద్దరు వార్డు మనుషులు బల్ల మోశారు. ముట్టుకుంటే అంటుకునే జబ్బులు సవాలక్ష రాసింది గానీ, ఇలాంటిది ఏ డాక్టరు నోటా వినలేదు. చివరికి మరుగుదొడ్డి పక్క సామాన్ల గదిలోకి తోశారు.

ఆ గది సంగతి చెప్పుకోవడానికే ఒళ్లు జలదరిస్తుంది. ఆరని నేలగుడ్డ మూలన పులిసిపోయి ఉంటుంది. స్కానింగు జిగురు తుడిచి పారేసిన కాగితపు ఉండలు సంచీడు. గోడవతల ఎవరు వచ్చారో, ఎంతసేపున్నారో, నీళ్లు పోశారో లేదో, అన్నీ ఇవతలికి తెలుస్తాయి. డాక్టరు మాటల్ని రికార్డు చేసి పెన్‌డ్రైవులో పంపేవారు. ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని, విని, రాసి, అదే పెన్‌డ్రైవులో తిరిగి పంపేది. గోడలు దిట్టమైనవి కావడంతో అక్కడికి వైఫై అందదు.

ఆ గదిలోకి తోసిన రోజు ప్రింటరు ఒక్కసారి కూడా ఆగలేదు.

"చెప్పానా!" అని మేనేజరు చప్పట్లు కొట్టాడు. "పద్దెనిమిది అడుగులు. అంతే. పద్దెనిమిది అడుగుల దూరంలో ఉంటే ఏ దోషం లేదు!"

అప్పుడు పిలిపించాడు మెకానిక్కును. పనిచేస్తున్న ప్రింటరును అతను మాత్రం ఏం చూస్తాడు? ఒక పరీక్ష కాగితం తీసి, "దీనికేం రోగం లేదు" అని పోయాడు. మేనేజరుకు అది సర్టిఫికెట్ అయింది. "విన్నారుగా? మిషనులో ఏం లేదట."

ఆ మాట మెట్లు దిగింది. వంతెన దగ్గర సెంటరులో కొత్త స్కానింగు మిషను పెడుతున్నారు. అక్కడి పెద్దావిడ మొహం పక్కకు తిప్పుకుని, "వచ్చే గురువారం మిషను తెరుస్తున్నామమ్మా, ఆ ఒక్కరోజూ మీరు సెలవు తీసుకోండి" అంది. మేడమీద రిసెప్షన్ పిల్ల ఫోన్ చేసి చెప్పిందట, జాగ్రత్తపడమని.

ఇంటికి కూడా పాకింది. ఆ పిల్ల ఫోను కవరుకని సైంటిస్టు దుకాణానికే వెళ్లి, మాటల్లో అంతా చెప్పేసింది. ఆదివారం పై వాటాలో కొత్త వాషింగ్ మిషను దింపారు. చూద్దామని రిపోర్టులమ్మ మెట్లెక్కితే, తోటికోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అక్కా, ఏమీ అనుకోకు. స్విచ్ వేసేదాకా కాస్త మెట్ల మీదే నిలబడవా?"

వెనక సైంటిస్టు పళ్లికిలించాడు. "సరదాకిలే వదినా!"

రిపోర్టులమ్మ వెనక్కి తిరిగి మెట్లు దిగింది. కిందికి వచ్చి మంచం అంచున కూర్చుంది. భర్త పేపరులోంచి తలెత్తకుండా "వాళ్ల మాటలు పట్టించుకుంటావేం" అన్నాడు. పట్టించుకోకపోతే పోయే మాట కాదది. రేపు కూతురు ఇంట్లో ఏదైనా కొన్నా, ఎవరింట్లో మిక్సీ కాలిపోయినా, చూపు తన కాళ్ల మీదికే వస్తుంది. ఆమె అప్పుడే నిర్ణయించుకుంది. ఏ గదిలో ఆ మాట అన్నారో ఆ గదిలోనే, విన్నవాళ్ల ముందే, కాదని అనిపించాలి. ఇంకేమీ అక్కర్లేదు.

ఎలా అన్నదే తెలియదు. కానీ సామాన్ల గదిలో కూర్చున్నప్పుడు ఒక్కటి మాత్రం తట్టింది. తను మేడమీదే ఉంది, కాళ్లూ ఇక్కడే ఉన్నాయి, అయినా ప్రింటరు బతికే ఉంది. లేనిది వైఫై ఒక్కటే. అయితే తంటా తన కాళ్లది కాదు, ల్యాప్‌టాప్‌ది.

ఆ గదిలోనే ఒకవైపు పాడైన కాగితాల గుట్ట ఉంటుంది. కాలి దగ్గరికి జారిన కాగితాన్ని రెండు వేళ్లతో, గోటి చివర్లతో పట్టుకుని పైకెత్తింది. మెకానిక్కు తీసిన పరీక్ష కాగితం. వెనక మేనేజరు పిచ్చిగీతలు, ముందు ప్రింటరు వివరాలు. మధ్యలో దాని వైఫై నంబరు. ఆమె చూపు అక్కడ ఆగిపోయింది. నెట్ గురించి ఆమెకు ఓనమాలు రావు. కానీ ఆ నంబరు ఆమె ఎన్ని ఏళ్లు చేత్తో ఎక్కించిందీ! వంతెన దగ్గర సెంటరువాళ్లు ఆమె ల్యాప్‌టాప్‌కు కేటాయించిన నంబరు, అక్షరం పొల్లుపోకుండా అదే.

ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే పై వాటాకి కేకేసింది.

"ఓ సైంటిస్టూ! కిందికి దిగు. ఆ రోజు చీటీలో నేను మూడు చోట్లు రాశాను. నువ్వెన్ని వేశావు?"

"రెండేగా ఉన్నాయి వదినా" అంటూ దిగాడతను. "ఒకే వైఫై పేరు రెండుసార్లు రాశావు. ఫోన్ నంబరులా ఉంది, ఇంత పొడుగు. కంగారులో రాశావనుకుని రెండోదాన్ని కొట్టేశాను."

"రెండు సెంటర్లలోనూ అదే పేరు. నెట్ పెట్టినవాడు ఒకడే. ఎక్కడ పెట్టినా తన ఫోన్ నంబరే పేరుగా తగిలించుకుంటాడు, చూసినవాళ్లు తనకే ఫోన్ చెయ్యాలని. పాస్‌వర్డూ అంతటా ఒకటే, గుర్తుపెట్టుకోవడానికి బద్ధకం. నన్నడగాలని తోచలేదా?"

"నువ్వు వంటింట్లో ఉన్నావు."

"వంటిల్లు పక్క ఊళ్లో ఉందా? కేకేస్తే వినపడదా?"

అతను నెత్తి గోక్కున్నాడు. గోళ్లలో ఏం చేరిందో చూసుకున్నాడు కూడా. సంగతి ఇంతే: మేడమీద మూత తెరవగానే ప్రోగ్రాం ఆ పేరు చూసి, వంతెన దగ్గరికి వచ్చామనుకుని, అక్కడి నంబరు తగిలించుకుంటోంది. మేడమీద ఆ నంబరు ప్రింటరుది. ఒకే ఇంటి నంబరు రెండు తలుపుల మీద ఉంటే ఉత్తరం ఎక్కడివ్వాలో తెలియక పోస్టుమాన్ వెనక్కి పోడూ? పంపిన కాగితాలూ అలాగే దారి తప్పాయి.

"ఓస్, ఇంతేనా! ఇటివ్వు, రెండు నిమిషాల్లో సరిచేస్తా" అన్నాడు సైంటిస్టు చెయ్యి చాచి.

"ముట్టుకున్నావంటే చేతులు విరుస్తాను. రేపటికి అది అలాగే ఉండాలి."

మర్నాడు మధ్యాహ్నం ఆమె సామాన్ల గదికి పోలేదు. నేరుగా వెళ్లి ప్రింటరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అమ్మా, పద్దెనిమిది అడుగులు..."

"డాక్టరు గారిని కూడా పిలవండి. గుమ్మంలో వాళ్లనూ రమ్మనండి, చోటుంది."

డాక్టరు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. ఆమె మూత తెరిచింది, కాసేపాగి ఒక కాగితం పంపమంది. రిసెప్షన్ పిల్ల పంపింది, రాలేదు. ఆమె ఆ ప్రోగ్రాం ఆపి, నంబరు గడిని తన చేత్తో ఖాళీ చేసింది. ప్రింటరు కాస్త తటపటాయించి గుర్రుమని కాగితం ఇచ్చింది. మళ్లీ ప్రోగ్రాం పెట్టింది, ఆగింది. మళ్లీ తీసింది, వచ్చింది. మూడుసార్లు చేసి చూపించి, పరీక్ష కాగితమూ తన నోటుపుస్తకం అట్టా పక్కపక్కన పెట్టింది.

"నేను ఇక్కడే కూర్చున్నాను. కాళ్లు రెండూ ఇవే. ఇప్పుడు చెప్పండి, చంపింది ఎవరు?"

మేనేజరు రెండు నంబర్లూ చూశాడు. మొహంలో రంగు మారింది, కానీ అరక్షణమే. గుమ్మంలో వాళ్ల వైపు తిరిగి చేతులు జోడించాడు.

"ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టాం, క్షమించాలి. మేడమ్ గారి కంప్యూటర్లో చిన్న లోపం. మేమే కనిపెట్టి సరిచేశాం."

"ఏమన్నారూ?"

"అదేనమ్మా, పని అయిపోయిందిగా. ఇక ఆ కుర్చీ మీదే."

"కుర్చీ ఎవడిక్కావాలి? ఐరన్ లెగ్ అన్నారే, అది కాదని అనండి. ఇక్కడే, వీళ్ల ముందే."

"సరదాకి అన్నదాన్ని అంత పట్టుకుంటారేమిటమ్మా!" అని మేనేజరు జేబులోంచి కార్డు తీసి పళ్ల సందులో పెట్టుకున్నాడు. డాక్టరు గడియారం చూసుకుని లోపలికి పోయాడు.

ఆమె రిసెప్షన్ పిల్ల వైపు తిరిగింది. "వంతెన దగ్గరికి ఫోన్ చేసింది నువ్వే కదా? మళ్లీ చెయ్యి. నేను వింటాను."

ఆ పిల్ల బబుల్‌గమ్ తీసి బల్ల కింద అంటించి ఫోన్ చేసింది. "ఆంటీ వల్ల కాదంట మేడమ్, నంబర్లేవో కలిసిపోయాయంట. ఆఁ... ఆఁ..." అని వింటూ, గొంతు తగ్గించి, "అయినా ఎందుకైనా మంచిది, గురువారం మీరు అనుకున్నట్టే కానివ్వండి" అంది.

రిపోర్టులమ్మ నేలగుడ్డ కంపు ఎన్నాళ్లో భరించింది గానీ ఆ గొంతు తగ్గించడాన్ని భరించలేకపోయింది. లెక్క చూపించినా, కళ్లెదుట మూడుసార్లు చేసి పెట్టినా, వీళ్ల నాలుక మీద ఆ మాట బల్ల కింది బబుల్‌గమ్‌లా అంటుకునే ఉంటుంది. ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది.

"ఎక్కడికమ్మా? ఇంకా పదకొండు రిపోర్టులున్నాయి!" అన్నాడు మేనేజరు.

"ప్రింటరు బ్రహ్మాండంగా పనిచేస్తోందిగా. దాన్నే టైపు చెయ్యమనండి."

గురువారం వంతెన దగ్గర సెంటరుకు సెలవు తీసుకోలేదు. అందరికంటే ముందు వెళ్లి, కొత్త మిషను ఎదురుగా కూర్చుంది. పెద్దావిడ ఏదో అనబోతే, "పొమ్మనండి, ఎందుకో కూడా నోటితో చెప్పి పొమ్మనండి" అంది. ఆవిడ పక్కకు తప్పుకుని మిషను స్విచ్ వేయించింది. మిషను పనిచేసింది. ఆమె తడిగుడ్డతో బల్ల తుడుచుకుని పనిలో కూర్చుంది.

మేడమీద సెంటరులో పది రోజుల్లో ఇద్దరు టైపిస్టులు వచ్చి పోయారు. పదకొండో రోజు సాయంత్రం డాక్టరే ఫోన్ చేశాడు. ఎవరికీ అర్థం కాని ఆ గొణుగుడు ఆమెకు ఫోనులోనూ తేటగానే వినిపించింది.

"రావాలమ్మా మీరు. మీ తప్పేం లేదని నాకు మొదటి రోజే తెలుసు. కాలి వల్ల మిషను ఆగడమేమిటి, అర్థం లేకుండా."

మేనేజరు మూర్ఖుడు, వాడి మూర్ఖత్వం వాడిది. ఆ పిల్ల నోరు అంతే. ఈయన చదువుకున్నవాడు, మొదటి రోజే తెలిసినవాడు, గుమ్మంలో నలుగురూ నవ్వుతుంటే తల దించుకున్నవాడు. మరుగుదొడ్డి పక్కన ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చున్నన్నాళ్లూ, తెలిసే, పెన్‌డ్రైవులు పంపినవాడు. చూసిన అసహ్యాలన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

"మొదటి రోజే తెలుసా?" అంది.

"తెలుసమ్మా."

"పన్నెండేళ్లు మీ గొంతు విన్నాను డాక్టర్ గారూ. మీరు మింగేసిన అక్షరం కూడా రాశాను. ఈ ముక్క మాత్రం మీ నోట ఏనాడూ వినపడలేదే?"

అవతల గొంతు సవరించుకున్న చప్పుడైంది. ఏదో గొణిగాడు. ఆమెకు అర్థమైంది. అయినా, "వినపడట్లేదండీ" అని ఫోన్ పెట్టేసింది.